మీ పేరుతో ఎవరెవరు మెయిల్ పంపగలరు? కాలేజీలు, ఆసుపత్రులు, చిన్న కంపెనీల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కరస్పాండెంట్లు, ప్రిన్సిపాళ్లు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లు, చిన్న కంపెనీల యజమానులకు, మీ దగ్గర మెయిల్ సర్వర్ బాధ్యత చూస్తున్న అడ్మిన్లకు నమస్కారం.

నేను చాలా ఏళ్లుగా మెయిల్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. మీ అందరినీ ఒక్క విషయం అడగాలని ఈ లేఖ రాస్తున్నాను. మీ సంస్థ డొమైన్ పేరుతో, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత ఉండే పేరుతో, ఇవాళ ఎవరెవరు మెయిల్ పంపగలరు? ఏ మెషీన్లు, ఏ సాఫ్ట్‌వేర్లు, బయటి ఏ కంపెనీల సర్వర్లు? దీనికి మీ ఫైల్లో రాతపూర్వకంగా జవాబు ఉందా? చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలో మీ దగ్గర తీర్మానం ఉంటుంది. లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు ఎవరి బీరువాలో ఉండాలో అటెండర్‌తో సహా అందరికీ తెలుసు. మెయిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ స్టాంపు వరండాలో బల్ల మీద పడి ఉంటోంది. ఎవరు వాడాలన్నది ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. సర్వర్ సెట్టింగ్స్‌లో ఎప్పుడో ఎవరో చేర్చిన కొన్ని వరుసలు ఆ సంగతి తేల్చేస్తున్నాయి. వాటిని రిలే అనుమతులు అంటారు.

ఈ సంగతులు తెలియని పెద్దల కోసం ముందు కొంచెం వివరంగా చెబుతాను. మీరు ఫోన్లో సెండ్ నొక్కిన మెయిల్ నేరుగా అవతలివాళ్ల ఫోన్‌కి వెళ్లదు. ముందు మీ సంస్థ సర్వర్‌కి చేరుతుంది. చాలా చోట్ల అక్కడి నుంచి ఒక గేట్‌వేకి (వచ్చే, పోయే మెయిల్‌ని వడగట్టే సర్వర్‌కి), తర్వాత అవతలి సంస్థ గేట్‌వేకి, చివరికి వాళ్ల మెయిల్‌బాక్స్ ఉన్న సర్వర్‌కి వెళ్తుంది. ఒక సర్వర్ తనది కాని మెయిల్‌ని తీసుకుని ఇంకో సర్వర్‌కి అందించడమే రిలే. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా జరగాలో చెప్పే నియమాల పేరు ఎస్‌ఎంటీపీ. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ వాటిని ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంగా రాశారు. ఇంటర్నెట్ నియమాలు రాసే పత్రాలని ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. పంపుతున్నది ఎవరని సర్వర్ అడుగుతుంది, చెప్పింది నమ్ముతుంది. రుజువు అడిగే ఏర్పాటు అందులో లేదు. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవి ఎక్కువగా యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలే. నేరుగా కనెక్షన్ దొరకని చోటికి పక్కవాళ్ల మెయిల్ కూడా మన సర్వర్ తీసుకుని ముందుకు పంపడం మర్యాద అనుకునేవారు.

1990లలో స్పామ్ పంపేవాళ్లు ఆ మర్యాదని పూర్తిగా వాడేసుకున్నారు. ఎక్కడో ఒక యూనివర్సిటీ సర్వర్‌కి ఒక మెయిల్ ఇచ్చి, దాని వెనక వేల చిరునామాలు తగిలిస్తే సరిపోయేది. పంచే ఖర్చు ఆ యూనివర్సిటీది, చెడ్డపేరూ దానిదే. అలా ఎవరి మెయిల్‌నైనా ఎవరికైనా మోసిపెట్టే సర్వర్‌కి ఓపెన్ రిలే అని పేరు పడింది. అప్పట్లో ఎక్కువ మంది వాడే సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ 1998లో తన 8.9 వెర్షన్ నుంచి, అడ్మిన్ ప్రత్యేకంగా తెరిస్తే తప్ప రిలే మూసే ఉండేలా మార్చింది. అనుమతి లేని రిలేని ఆపగలిగే శక్తి ప్రతి సర్వర్‌కీ ఉండి తీరాలని 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2505 చెప్పింది.

అందుకే ఈ మాట ఎత్తగానే చాలామంది అడ్మిన్లు "ఓపెన్ రిలేనా సార్, అది పాతికేళ్ల కిందటి సమస్య కదా, మనది టెస్ట్ చేశాం, క్లోజ్డ్ అనే వచ్చింది" అంటారు. ఆ టెస్ట్ నిజమే చెబుతుంది, కాకపోతే అది బయటి ఇంటర్నెట్ నుంచి చేసిన టెస్ట్. ఇప్పుడు ప్రమాదం లోపలి వైపు నుంచి, మనం నమ్మిన భాగస్వాముల వైపు నుంచి వస్తోంది. రిలే లోకం మొత్తానికి తెరిచి లేదు నిజమే. కానీ మనం "మనవాళ్లు" అని రాసుకున్న జాబితాకి తెరిచే ఉంది. ఆ జాబితా ఎంత పెద్దదో చాలామంది చూసుకోరు.

అది ఎలా పెరుగుతుందో అడ్మిన్లకి నేను చెప్పక్కర్లేదు. అకౌంట్స్ సెక్షన్‌లో కొత్త స్కానర్ పెడతారు. స్కాన్ చేసిన కాగితం మెయిల్‌కి రావాలి. స్కానర్‌లో పాస్‌వర్డ్ పెట్టే ఆప్షన్ సరిగ్గా పనిచేయదు. సాయంత్రంలోగా అయిపోవాలని పైనుంచి ఫోన్. ఆ స్కానర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) నుంచి వచ్చే మెయిల్‌ని పాస్‌వర్డ్ లేకుండా తీసుకోమని సర్వర్‌కి చెబుతారు. మరుసటి నెల బయోమెట్రిక్ హాజరు మెషీన్. ఆ తర్వాత ల్యాబ్ రిపోర్టులు పంపే సాఫ్ట్‌వేర్, సీసీ కెమెరాల డీవీఆర్, యూపీఎస్ అలారం, ఫీజు రసీదులు పంపే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్. ప్రతిసారీ ఒక్కో ఐపీ చేర్చడం విసుగనిపించి ఎవరో ఒకరు మొత్తం ఐపీల బ్లాక్‌నే చేరుస్తారు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు, ఈ అనుమతులు రాసి ఉండే మైనెట్‌వర్క్స్ అనే వరుస ఒకసారి తీసి చూడండి. 192.168 తో మొదలయ్యే అడ్రసులన్నీ అందులో ఉంటే, మీ హాస్టల్ వైఫై కూడా అదే అడ్రసుల్లో ఉంటే, మీ విద్యార్థుల ఫోన్లన్నీ ప్రిన్సిపాల్ గారి పేరుతో మెయిల్ పంపగల స్థితిలో ఉన్నట్టే.

నేను దగ్గరగా చూసిన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సరిగ్గా ఇదే జరిగింది. వైరస్ పట్టిన ఒక ల్యాప్‌టాప్ లోపలి నెట్‌వర్క్‌లో చేరింది. సర్వర్ దాన్ని మనదే అనుకుంది. అకౌంట్స్ ఆఫీసు అడ్రసుతో తల్లిదండ్రులకి మెయిల్స్ వెళ్లాయి, ఫీజు ఇకనుంచి ఫలానా కొత్త ఖాతాకి కట్టండి అని. అవి స్పామ్‌లోకి కూడా పోలేదు. ఎందుకు పోతాయి? కాలేజీ సొంత సర్వర్ నుంచి, కాలేజీ డిజిటల్ సంతకంతోనే వెళ్లాయి. కొందరు డబ్బు కట్టేశారు. ఊళ్లో పొలం పని మీద బతికే మనుషులు, పిల్లవాడి సెమిస్టర్ ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో అదే రోజు కట్టినవాళ్లు. వాళ్లు మోసపోయింది అజాగ్రత్త వల్ల అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ మెయిల్ నకిలీ అని పట్టుకోవడానికి వాళ్ల చేతిలో ఏ ఆధారమూ లేదు. పట్టుకోగలిగిన స్థానంలో ఉన్నది సర్వర్ ఒక్కటే, దాన్ని మనమే కళ్లు మూసుకోమన్నాం.

ఇక్కడ ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్ల గురించి చెప్పాలి. మా దగ్గర ఇవన్నీ ఉన్నాయి, కాబట్టి మాకేం భయం లేదు అనే మాట చాలా చోట్ల వింటున్నాను. మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఉన్న సర్వర్లు ఇవీ అని డీఎన్ఎస్‌లో (డొమైన్ల వివరాలు ఉండే ఇంటర్నెట్ బహిరంగ జాబితాలో) ప్రకటించడం ఎస్పీఎఫ్. వెళ్లే మెయిల్ మీద సర్వర్ డిజిటల్ సంతకం పెట్టడం డీకిమ్. ఈ రెండింటిలో ఏదీ మా పేరుతో సరిపోకపోతే ఏం చేయాలో అవతలివాళ్లకి చెప్పేది డీమార్క్. మూడూ తప్పనిసరిగా ఉండాల్సినవే. రోజుకి 5,000 మెయిల్స్ దాటి పంపేవాళ్లకి ఇవి లేకపోతే కుదరదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమం పెట్టింది, యాహూ కూడా పెద్ద ఎత్తున పంపేవాళ్లకి ఇలాంటి షరతులే విధించింది. కానీ ఇవి జవాబిచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ మెయిల్ ఫలానా సంస్థ అనుమతించిన సర్వర్ నుంచి వచ్చిందా? ఆ సర్వర్‌లోకి ఆ మెయిల్ ఎవరు వేశారన్నది వాటికి తెలియదు. రిలే వదులుగా ఉంటే మోసగాడి మెయిల్‌కి కూడా మీ సర్వరే సంతకం పెట్టి పంపుతుంది. అప్పుడు ఈ మూడు ఏర్పాట్లూ మోసగాడికే సాక్ష్యం చెబుతాయి.

ఇది చిన్న సంస్థలకే వచ్చే సమస్య అనుకోకండి. 2024 జులైలో గార్డియో ల్యాబ్స్ అనే సైబర్ భద్రతా పరిశోధన సంస్థ ఒక వ్యవహారాన్ని బయటపెట్టి ఎకోస్పూఫింగ్ అని పేరు పెట్టింది. ప్రూఫ్‌పాయింట్ అనే పెద్ద మెయిల్ భద్రతా కంపెనీ సర్వర్ల ద్వారా డిస్నీ, నైకీ, ఐబీఎం, కోకాకోలా వంటి సంస్థల పేర్లతో రోజుకి సగటున 30 లక్షల నకిలీ మెయిల్స్ వెళ్లాయి. అన్నిటికీ అసలైన డీకిమ్ సంతకం ఉంది, ఎస్పీఎఫ్ కూడా పాస్. కారణం చూస్తే మన స్కానర్ కథే, కాకపోతే చాలా పెద్ద స్థాయిలో. ఆ సంస్థలు మైక్రోసాఫ్ట్ నడిపే మైక్రోసాఫ్ట్ 365 మెయిల్ సర్వీసు వాడతాయి. కాబట్టి మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి వచ్చే మెయిల్‌ని రిలే చేయమని ప్రూఫ్‌పాయింట్ గేట్‌వేలో అనుమతి ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉండేది తమ ఖాతా ఒక్కటే కాదు. ఎవరైనా అక్కడ ఖాతా తెరవచ్చు. మోసగాళ్లు తెరిచారు. వాళ్ల మెయిల్స్ మైక్రోసాఫ్ట్ మీదుగా గేట్‌వేకి వచ్చాయి, గేట్‌వే మనవాళ్లే అనుకుని సంతకం పెట్టి పంపేసింది. ఏ ఖాతా నుంచి వచ్చిందో చూడకుండా, ఏ కంపెనీ ఐపీ నుంచి వచ్చిందో మాత్రమే చూడటమే లోపం.

2025లో ఇలాంటిదే ఇంకొకటి బయటికి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 365లో డైరెక్ట్ సెండ్ అనే సదుపాయం ఉంది. ప్రింటర్లు, స్కానర్లు లాగిన్ లేకుండా ఆ సంస్థ లోపలివాళ్లకి మెయిల్ పంపుకోవడానికి పెట్టింది. బయటివాళ్లు అదే దారిలో వచ్చి, సంస్థ లోపలి మనిషి పంపినట్టే కనిపించే ఫిషింగ్ మెయిల్స్ (మోసంతో వివరాలు లాగే మెయిల్స్) వేశారు. మైక్రోసాఫ్ట్ ఇప్పుడు దాన్ని పూర్తిగా తిరస్కరించే సెట్టింగ్ ఇచ్చింది. మీది మైక్రోసాఫ్ట్ 365 అయితే ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో అడ్మిన్‌ని అడగండి.

అమెరికాలో ఎఫ్‌బీఐకి కూడా ఇది తప్పలేదు. 2021 నవంబరులో వాళ్ల అసలు సర్వర్ నుంచే, వాళ్ల అసలు అడ్రసుతోనే, సైబర్ దాడి జరుగుతోందని భయపెట్టే నకిలీ మెయిల్స్ లక్షకు పైగా ఇన్‌బాక్సులకి చేరాయి. హ్యాకర్ మెయిల్ సర్వర్‌ని బద్దలు కొట్టలేదు. ఒక వెబ్ పోర్టల్‌లో కొత్తగా నమోదయ్యేవాళ్లకి కన్ఫర్మేషన్ మెయిల్ పంపే ఫారం ఉంది. ఆ మెయిల్‌లో ఏం రాయాలో, ఎవరికి పంపాలో బయటివాళ్లు మార్చేయగలిగేలా దాన్ని తయారుచేశారు. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో అడ్మిషన్ ఎంక్వైరీ ఫారం ఉంటుంది కదా. అది కూడా ఒక రిలేనే. అందులో నింపిన అడ్రసుకి, అందులో నింపిన మాటలే మీ సర్వర్ పంపిస్తోందేమో చూసుకోండి.

ఇప్పటిదాకా ఎవరు పంపుతున్నారన్నది చూశాం. మెయిల్ దారిలో ఉన్నప్పుడు ఎవరు చదవగలరన్నది ఇంకో ప్రశ్న. ఆసుపత్రులవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. బ్రౌజర్లో తాళం బొమ్మ చూసి మెయిల్ మొత్తం దారి పొడవునా భద్రంగా ఉందనుకుంటారు. ఆ తాళం మీ కంప్యూటర్‌కీ మీ సర్వర్‌కీ మధ్య దారిది మాత్రమే. తర్వాత ఒక్కో సర్వర్ మధ్య ఒక్కో విడి తాళం. ప్రతి రిలే దగ్గరా మెయిల్ తాళం తీసి మళ్లీ వేస్తారు. మధ్యలో ఉన్న ప్రతి సర్వర్‌లోనూ అది మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. అక్కడి అడ్మిన్ చూడగలరు, అక్కడి క్యూలో, బ్యాకప్‌లో కాపీ ఉండవచ్చు. రోగి హెచ్ఐవీ రిపోర్టు, క్యాన్సర్ బయాప్సీ రిపోర్టు మెయిల్‌కి జతచేసి పంపే ల్యాబులు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. అలాంటి కాగితాన్ని పాస్‌వర్డ్ ఉన్న పోర్టల్లో పెట్టి, మెయిల్‌లో కబురు మాత్రం పంపడం మేలు.

సర్వర్ల మధ్య ఆ తాళం కూడా ప్రతిసారీ పడుతుందన్న హామీ లేదు. దాన్ని స్టార్ట్‌టీఎల్ఎస్ అంటారు. రెండు సర్వర్లు మొదట మామూలు అక్షరాల్లో మాట మొదలుపెట్టి, నాకు తాళం వేయడం వచ్చు అని అవతలిది అంటే అప్పుడు వేస్తాయి. మధ్యలో ఉన్న నెట్‌వర్క్ పరికరం ఆ ఒక్క మాటని చెరిపేస్తే, అవతలివాళ్లకి తాళం రాదేమో అనుకుని పంపే సర్వర్ మెయిల్‌ని అలాగే విప్పి పంపేస్తుంది. ఎవరికీ ఎర్రర్ రాదు. మిషిగన్ యూనివర్సిటీ, గూగుల్, ఇల్లినాయ్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో దీన్ని కొలిచారు. పరిశీలన కాలంలో ట్యునీషియా నుంచి జీమెయిల్‌కి వచ్చిన మెయిల్స్‌లో 96 శాతానికి ఆ మాట దారిలోనే చెరిగిపోయింది. ఇంకో ఆరు దేశాల్లో అది 20 శాతం పైనే. దీనికి మందు 2018లో వచ్చింది, ఎంటీఏ-ఎస్టీఎస్ అని. నాకు మెయిల్ పంపాలంటే తాళం వేసి, నా సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం) సరిచూసి పంపండి, లేకపోతే పంపకండి అని మీ డొమైన్ తరఫున ముందే ప్రకటించే పద్ధతి ఇది. ఒక చిన్న టెక్స్ట్ ఫైలు, ఒక డీఎన్ఎస్ రికార్డు, చెల్లే సర్టిఫికెట్ ఉంటే చాలు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. అయినా పెట్టినవాళ్లు చాలా తక్కువగా కనిపిస్తున్నారు. మొదట టెస్టింగ్ మోడ్‌లో పెట్టి, రిపోర్టులు కొన్ని వారాలు చూసి, తర్వాత ఎన్‌ఫోర్స్ చేయండి.

అడ్మిన్లకి ఇంకొకటి చెప్పాలి, రెండు సర్వర్ల మధ్య రిలే ఎంత సున్నితమైందో ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు. 2023 డిసెంబరులో సెక్ కన్సల్ట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకుడు టిమో లోంగిన్ ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ అనే లోపాన్ని వెల్లడించారు. ఒక మెయిల్ ముగిసిందని చెప్పడానికి ఎస్‌ఎంటీపీలో కొత్త లైను, ఒక చుక్క, మళ్లీ కొత్త లైను ఉండాలి. కొత్త లైను అంటే క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే కనిపించని గుర్తులు రెండూ వరుసగా ఉండాలని నియమం. కొన్ని సర్వర్లు ఉదారంగా, ఒక్క లైన్ ఫీడ్ ఉన్నా సర్లే అని ఒప్పుకునేవి. పంపే సర్వర్ నియమం ప్రకారం చూసి ఇది ఒకే మెయిల్ అనుకుంటుంది. తీసుకునే సర్వర్ మధ్యలోనే చుక్క చూసి మెయిల్ అయిపోయిందనుకుంటుంది. మిగిలిన భాగాన్ని ఇంకో కొత్త మెయిల్‌గా తీసుకుంటుంది. ఆ రెండో మెయిల్ ఎవరి పేరుతో ఉండాలో దాడి చేసేవాడే రాసుకుంటాడు. అది నిజంగా ఆ పంపే సర్వర్ నుంచే వచ్చింది కాబట్టి, ఆ సర్వర్‌కి అనుమతి ఇచ్చిన డొమైన్ పేరు పెడితే ఎస్పీఎఫ్ పాస్ అవుతుంది. పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్, ఎగ్జిమ్ అనే మూడు మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్లకీ సవరణలు వచ్చాయి. పోస్ట్‌ఫిక్స్ 3.9 నుంచి ఈ రక్షణ ముందే ఆన్‌లో ఉంటుంది. దాని కన్నా పాతది వాడుతుంటే సవరణ వచ్చిన వెర్షన్‌కి మారి, బేర్ న్యూలైన్‌ని (ఒంటరి లైన్ ఫీడ్‌ని) ఆపే సెట్టింగ్ మీరే ఆన్ చేయాలి. రెండు సర్వర్లూ ఎవరికి వారు బాగానే పనిచేస్తుంటాయి. ఒకదాన్ని ఒకటి అర్థం చేసుకునే చోట ఉంటుంది లోపం. మన సర్వర్ ఒక్కదాన్నే ఆడిట్ చేయిస్తే ఇలాంటివి బయటపడవు.

ఫార్వర్డింగ్ గురించి క్లుప్తంగా చెబుతాను. స్టాఫ్ తమ ఆఫీసు మెయిల్ అంతా సొంత జీమెయిల్‌కి ఆటోమేటిక్‌గా పంపుకునే అలవాటు మన దగ్గర చాలా ఎక్కువ. ఆఫీసుకి వచ్చిన స్పామ్ కూడా మీ సర్వర్ చేతుల మీదుగానే జీమెయిల్‌కి వెళ్తుంది, చెడ్డపేరు మీ డొమైన్‌కి వస్తుంది. దాంతోపాటు సంస్థ కాగితాలు మీ అదుపు దాటి వెళ్లిపోతాయి. దీన్ని ఆపాలని అడ్మిన్ సర్క్యులర్ పెడితే పెద్దలు అడ్మిన్‌కి అండగా నిలబడండి. ముందు మీ సొంత ఫార్వర్డింగ్ తీసేయండి.

చెడ్డపేరు వల్ల నష్టం ఎంతో మన పిల్లల విషయంలో చూడండి. ఒక ఖాతా పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడుతుంది. ఆ ఖాతాతో లాగిన్ అయి రాత్రికి రాత్రి వేల స్పామ్ మెయిల్స్ మీ సర్వర్ ద్వారా పంపుతారు. పొద్దున్నకి మీ ఐపీ స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో, అంటే స్పామ్ పంపే సర్వర్ల జాబితాల్లో, ఉంటుంది. సరిగ్గా ఆ వారమే మీ విద్యార్థి ఒకరు అమెరికాలోనో జర్మనీలోనో యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుని ఉంటారు. మార్కుల జాబితా నిజమేనని మీ అధికారిక మెయిల్ నుంచి వాళ్లు నిర్ధారణ కోరతారు. మీరు పంపిన జవాబు అక్కడికి చేరదు, చేరలేదని తిరిగొచ్చే బౌన్స్ మెయిల్‌ని మీ సెక్షన్‌లో ఎవరూ తెరిచి చూడరు. గడువు దాటిపోతుంది. ఆ అమ్మాయికో అబ్బాయికో సీటు ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియదు. ఒక్కో ఖాతా గంటకి ఇన్ని మెయిల్స్ మాత్రమే పంపాలని పరిమితి పెడితే ఇది చాలావరకు ఆగిపోతుంది. లెక్చరర్ ఖాతా రాత్రి రెండింటికి నాలుగు వేల మెయిల్స్ పంపాల్సిన అవసరం ఏముంటుంది? ఈ పరిమితి పెట్టడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఉన్నదానిలోనే వీలుంటుంది.

అనుమతులు ఆపేస్తే బిల్లింగ్ ఆగిపోతుంది, రేపు మమ్మల్నే తిడతారు అని అడ్మిన్లు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే, కాబట్టి ఒకేసారి అన్నీ ఆపమని నేను చెప్పను. ముందు ఒక నెల లాగ్ (సర్వర్ తనంతట తాను రాసుకునే పద్దు) చూడండి. పాస్‌వర్డ్ లేకుండా మీ సర్వర్‌కి మెయిల్ ఇస్తున్న ప్రతి ఐపీనీ రాసుకోండి. పాస్‌వర్డ్ పెట్టగలిగిన ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ విడిగా ఒక ఖాతా ఇచ్చి, 587 లేదా 465 పోర్టు (సర్వర్‌లోకి వచ్చే నంబరు ద్వారం) మీదుగా లాగిన్ అయి పంపేలా మార్చండి. పాత స్కానర్ లాంటివి అసలు కుదరకపోతే, ఆ ఒక్క ఐపీకే అనుమతి ఉంచి, అది స్కాన్ అనే ఒకే అడ్రసుతో, సంస్థ లోపలివాళ్లకి మాత్రమే పంపగలిగేలా బిగించండి. స్కానర్‌కి ప్రిన్సిపాల్ గారి పేరుతో పంపే అవసరం ఎప్పటికీ రాదు. మీ ముందు ఫిల్టర్ గేట్‌వే ఉంటే, వెనకున్న అసలు సర్వర్ ఆ గేట్‌వే నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ 25వ పోర్టు మీద మెయిల్ తీసుకోకూడదు. ఖరీదైన ఫిల్టర్ కొని, వెనక తలుపు తెరిచే ఉంచిన సంస్థలు నాకు చాలానే తగిలాయి. ఎస్పీఎఫ్ రికార్డులో చేర్చిన బయటి కంపెనీల పేర్లు కూడా ఒక్కొక్కటీ చూడండి. ఎప్పుడో మానేసిన బల్క్ మెయిల్ సర్వీసు ఇంకా అందులో ఉంటే, ఆ సర్వీసు సర్వర్లకి మీ పేరుతో పంపే హక్కు ఇంకా ఉన్నట్టే.

పెద్దలకి ఒక చట్టపరమైన సంగతి. దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సైబర్ ఘటనలు తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచిపెట్టాలి. నేను చూసిన కొన్ని చోట్ల మెయిల్ లాగ్ వారం రోజులకే చెరిగిపోయేలా ఉంది. మోసం జరిగాక మెయిల్ ఎక్కడ నుంచి వచ్చిందో తేల్చడానికి ఆ లాగే ఆధారం. మెయిల్ లోపల రిసీవ్డ్ అని కనిపించే వరుసల్లో మీ సొంత సర్వర్ రాసినవి నమ్మవచ్చు, వాటికి కింద ఉన్నవి పంపినవాడు కల్పించి రాసినవి కావచ్చు. ఎవరైనా తల్లిదండ్రులు డబ్బు పోగొట్టుకున్నారని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. మా సంస్థ పరువు పోతుందని దాచిపెట్టకండి, మిగిలిన తల్లిదండ్రులకి ఆ రోజే మెసేజ్ పెట్టండి.

ఇవన్నీ అడ్మిన్ ఒక్కడి నెత్తిన వేసి ఊరుకోవద్దని పెద్దలకి నా విన్నపం. మన కాలేజీల్లో మెయిల్ సర్వర్ చూసే మనిషే ప్రొజెక్టర్ కేబుల్ కూడా మారుస్తాడు, పరీక్షల రోజు ప్రింటర్ దగ్గర కూడా అతనే ఉంటాడు. అతనికి వారంలో ఒక పూట ఈ పనికే కేటాయించండి. సర్వర్ అప్‌డేట్ చేయడానికి నెలకోసారి గంటసేపు మెయిల్ ఆగుతుందంటే ఒప్పుకోండి. 2019లో సవరణ వచ్చిన ఎగ్జిమ్ లోపాన్ని, అప్‌డేట్ చేయని సర్వర్ల మీద రష్యా సైనిక నిఘా హ్యాకర్లు వాడుతూనే ఉన్నారని 2020 మేలో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ హెచ్చరించాల్సి వచ్చింది. సవరణ వచ్చి అప్పటికి దాదాపు ఏడాది.

నేను కోరుతున్నది ఒక సమావేశం, ఒక జాబితా. వచ్చే మూడు నెలల్లో ఒకరోజు అడ్మిన్‌ని మీ గదికి పిలిచి కూర్చోబెట్టుకోండి. మన సర్వర్ ఎవరెవరి మెయిల్ పాస్‌వర్డ్ అడగకుండా మోస్తోందో ఒక కాగితం మీద రాసి ఇమ్మనండి. ప్రతి ఐపీ పక్కన అది ఏ మెషీనో, ఎవరు అడిగితే ఇచ్చారో, ఎప్పటిదాకా అవసరమో రాయించి, కింద మీరు సంతకం పెట్టండి. ఏ ఐపీకైనా ఇది మాది అని చెప్పే మనిషి దొరక్కపోతే దాని అనుమతి ఆ వారమే ఆపేయించండి. నిజంగా అవసరమున్నవాళ్లు మెయిల్ వెళ్లట్లేదని వాళ్లే ఫోన్ చేస్తారు, అప్పుడు పేరు రాసుకుని సరైన పద్ధతిలో ఇవ్వవచ్చు.

ఇట్లు,
మెయిల్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్న మీ తోటి ఉద్యోగి